అడవి గొర్రెకు నట్టల మందు ఎవరు తాపుతారు?

తిరుపతి_జువాలజీ
అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. పరాన్నజీవుల పేపర్ సెమినార్‌కి అడవి గొర్రెలను ఎంచుకున్నాను. శేషాచలం అడవుల్లో మనం కొండగొర్రె అని పిలిచే నాలుగు కొమ్ముల జింక గురించి కాదు. అమెరికా రాకీ పర్వతాల్లో ఉండే బిగ్‌హార్న్, అలాస్కా, వాయవ్య కెనడాల్లోని డాల్ గొర్రె, మన లడఖ్‌లోని అర్గాలి, యూరియల్ వంటివాటి గురించి.

ఇంటి గొర్రెలకు ఏటా నట్టల (కడుపు పురుగుల) మందు తాపుతూనే ఉంటాం, అయినా వానలు పడగానే మళ్ళీ పురుగులు మొదలవుతాయి. కొండల్లో ఉండే వాటికి ఏ మందూ లేదు, అయినా వేల ఏళ్ళుగా బతికే ఉన్నాయి. మరి అప్పుడప్పుడు మందకు మంద ఎందుకు కూలిపోతోంది? పురుగే కారణమా, లేక ఇంకేదో జరిగితే పురుగుకి అవకాశం దొరుకుతోందా? పుస్తకంలో జీవితచక్రం బొమ్మ బాగానే ఉంది, మంద సంగతి మాత్రం రెండు లైన్లతో సరిపెట్టారు. ఇక్కడ జీవాలు మేపేవాళ్ళు, డాక్టర్లు ఉన్నారని అడుగుతున్నా.

పలమనేరు_జీవాలు
చెల్లెమ్మా, అడవి గొర్రె సంగతి నాకు తెలీదు. మా జీవాల సంగతి చెబుతా. అక్టోబరు, నవంబరు వానల తర్వాతే మాకు అసలు కష్టం. పచ్చిక బాగా లేస్తుంది, జీవాలు కడుపునిండా మేస్తాయి, అయినా చిక్కిపోతాయి. దవడ కింద సంచిలాగా నీరు దిగుతుంది. కంటిరెప్ప తిప్పి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంటుంది. అలా కనిపిస్తే ఇక ఆలస్యం చేయకూడదు.

మా నాయన మంచు ఆరేదాకా దొడ్డి తలుపు తీయనిచ్చేవాడు కాదు. ఎండాకాలంలో చెరువు ఇంకిపోయాక అడుగున మొలిచే గడ్డి మీదికి జీవాలను వదలనిచ్చేవాడు కాదు, కాలేయంలో జలగ పడుతుందని. కొండ మీది గొర్రెను అట్లా ఆపేవాళ్ళు ఎవరూ ఉండరు కదా. కాకపోతే అది ఒకచోట ఉండదు. మావి రోజూ రాత్రి అదే దొడ్డికి వస్తాయి, అదే బీడులో మేస్తాయి, అక్కడే పెంటికలు వేస్తాయి. తేడా అక్కడే ఉందని నాకు అనిపిస్తుంది.

పశువైద్యం_చిత్తూరు
పలమనేరు తమ్ముడు చెప్పింది సరిగ్గా అసలు విషయం. మీ నాయన గారికి మైక్రోస్కోపు లేకపోయినా సంగతి తెలుసు.

దవడ వాపు, పాలిపోయిన కన్ను అంటే చాలావరకు హీమాంకస్. నాలుగో పొట్టలో ఉండి రక్తం పీల్చే పురుగు. ఒక్క ఆడ పురుగు రోజుకు 5,000 నుంచి 10,000 గుడ్లు పెడుతుంది. అవి పెంటికలతో బయటపడి, వెచ్చదనం, తడి దొరికితే వారం రోజుల్లో అంటుకునే దశకు వస్తాయి. ఆ పిల్ల పురుగు మంచు తడిలో గడ్డి పరక మీదికి పాకుతుంది. ఎండ ఎక్కి గడ్డి ఆరితే కిందికి దిగిపోతుంది. మంచు ఆరాక మేపడం వెనక ఉన్న శాస్త్రం ఇదే.

ఇక జువాలజీ అమ్మాయి ప్రశ్న. బిగ్‌హార్న్ గొర్రెల్లో ఎక్కువగా చర్చకు వచ్చేవి ఊపిరితిత్తుల పురుగులు. ప్రోటోస్ట్రాంగైలస్ స్టైలెసి ఊపిరితిత్తి కండలోనే ఉంటుంది, ప్రోటోస్ట్రాంగైలస్ రషీ గాలి గొట్టాల్లో ఉంటుంది. గుడ్డు ఊపిరితిత్తుల్లోనే పొదిగి, పిల్ల పురుగు దగ్గుతో గొంతులోకి వచ్చి, మళ్ళీ మింగుడుపడి, పెంటికల్లో బయటికి వస్తుంది. నేరుగా ఇంకో గొర్రెకు అంటదు. నేల మీద ఉండే చిన్న నత్తల్లో దూరాలి. ఇవి మన చెరువు నత్తల్లాంటివి కావు, రెండు మూడు మిల్లీమీటర్ల నత్తలు. గడ్డితోపాటు ఆ నత్తను గొర్రె మింగితేనే చక్రం పూర్తవుతుంది.

చలి ప్రాంతం కాబట్టి పురుగు బతకదని అనుకోవద్దు. బయటపడ్డ ఆ పిల్ల పురుగు గడ్డకట్టే చలికీ, ఎండుదనానికీ బాగా తట్టుకుంటుంది.

స్టైలెసి పురుగుకు ఇంకో దారి కూడా ఉంది. చూలు గొర్రె ఒంట్లో ఉన్న పిల్ల పురుగు మాయను దాటి కడుపులోని పిల్లకు చేరుతుంది. అంటే గొర్రెపిల్ల పుట్టేటప్పటికే పురుగుతో పుడుతుంది.

కుప్పం_మాస్టారు
డాక్టర్ గారూ, పుట్టుకతోనే పురుగు ఉంటే ఆ పిల్ల బతికేదెలా? మందలు ఎప్పుడో అంతరించిపోయి ఉండాలి కదా. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఇలాంటి ప్రశ్నే వస్తుంది, నా దగ్గర జవాబు లేదు.

పశువైద్యం_చిత్తూరు
మాస్టారూ, పురుగు సంఖ్యే అసలు లెక్క. ఆరోగ్యంగా ఉన్న బిగ్‌హార్న్ మందల్లో కూడా ఈ పురుగు ఉంటుంది. కొద్దిపాటి ఉంటే ఒళ్ళు సర్దుకుంటుంది. మంచి మేత, తిరగడానికి చోటు ఉన్నంతకాలం పెద్ద ఇబ్బంది లేదు.

గొడవ ఎక్కడ మొదలైందంటే, పాత మేత దారులు మూసుకుపోయి మంద ఒకే చిన్న కొండకు పరిమితమైనప్పుడు. 1970ల్లో కొలరాడోలో కొన్ని మందల్లో పుట్టిన పిల్లలు చాలావరకు న్యుమోనియాతో చనిపోతూ వచ్చాయి. కోసి చూస్తే ఊపిరితిత్తుల నిండా పురుగులు. అక్కడి అధికారులు పులియబెట్టిన ఆపిల్ పిప్పిలో నట్టల మందు కలిపి కొండల మీద పెట్టారు. గొర్రెలు ఆ వాసనకు వచ్చి తిన్నాయి. మందు తిన్న మందల్లో పిల్లలు ఎక్కువగా బతికాయి. అడవి గొర్రెలకు మందు తాపడమన్నది అలా నిజంగా జరిగింది.

పలమనేరు_జీవాలు
అయితే మరీ మంచిది కదా సార్! ఉప్పు గడ్డల్లో మందు కలిపి కొండల మీద పెట్టేస్తే సరిపోతుంది. ఉప్పు అంటే జీవాలు ఎంత దూరం నుంచైనా వస్తాయి.

భాకరాపేట_అడవి
అన్నా, అక్కడే నాకు అభ్యంతరం. నేను వన్యప్రాణి శాస్త్రం చదివాను, ఈ విషయం మీద చాలా చర్చ జరిగింది.

మొదటిది, ఒకచోట మేత పెడితే విడివిడిగా తిరిగే గొర్రెలన్నీ అక్కడికే చేరతాయి. పెంటికలన్నీ అక్కడే పడతాయి. ఇందాక మీరే చెప్పారు, దొడ్డి జీవాలకు పురుగు ఎందుకు ఎక్కువో. మనం కొండ మీద ఇంకో దొడ్డి తయారు చేసినట్టవుతుంది.

రెండోది, ఎవరు ఎంత తిన్నారో తెలియదు. బలమైన పొట్టేలు కుమ్మి ముందుకొచ్చి ఎక్కువ తింటుంది, నీరసించిన గొర్రె పక్కన నిలబడుతుంది. తక్కువ మోతాదు పడ్డ ఒంట్లో మందుకు లొంగని పురుగులే మిగులుతాయి. ఇంటి మందల్లో ఆల్బెండజోల్ పనిచేయకుండా పోవడానికి ఒక కారణం ఇదే, అడవిలో కూడా అదే జరుగుతుంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఆ న్యుమోనియాకు అసలు కారణం పురుగు కాదు అని తర్వాత తేలింది. మైకోప్లాస్మా ఓవిన్యుమోనియే అనే బాక్టీరియా. ఇంటి గొర్రెలు, మేకలు దీన్ని ముక్కులో మోస్తూ మామూలుగా తిరుగుతాయి. అదే బిగ్‌హార్న్‌కు అంటితే గాలి గొట్టాల్లో శ్లేష్మాన్ని బయటికి నెట్టే సన్నని రోమాలు పనిచేయవు. ఆ తర్వాత మామూలు సూక్ష్మజీవులు కూడా ఊపిరితిత్తుల్లో దిగిపోతాయి. పెద్దవి కూడా చాలా చనిపోతాయి, మిగిలిన కొన్ని తల్లులు ఆ బాక్టీరియాను మోస్తూ ఏడాది తర్వాత ఏడాది పిల్లలకు అంటిస్తాయి. ఇన్నేళ్ళూ నింద పురుగు మీద పడింది, దొడ్డి గొర్రెలు మాత్రం పక్కనే మేస్తూ వచ్చాయి.

పశువైద్యం_చిత్తూరు
మైకోప్లాస్మా గురించి మీరు చెప్పింది నేను ఒప్పుకుంటాను. 2008 తర్వాత వచ్చిన పరిశోధనలు ఆ దిశలోనే బలంగా ఉన్నాయి. పురుగు మందు ఇచ్చినా న్యుమోనియా ఆగని మందలు ఉన్నాయి, అది కూడా నిజం. అయితే పురుగును పూర్తిగా వదిలేయడం మాత్రం నాకు సరిగా అనిపించదు. ఊపిరితిత్తిలో సగం గాయపడి ఉన్న పిల్లకు బాక్టీరియా అంటితే, గాయం లేని పిల్లకు అంటినంత తేలిగ్గా పోదు. నేను కోసి చూసిన జీవాల్లో ఒకే కారణంతో చనిపోయినవి తక్కువ. మేత తగ్గడం, పురుగు, చలి, ఆపైన ఒక సూక్ష్మజీవి, ఇలా ఒకదాని మీద ఒకటి వస్తాయి.

భాకరాపేట_అడవి
అది సరే సార్. కానీ చేతిలో డబ్బు, మనుషులు కొద్దిగా ఉన్నప్పుడు దేని మీద పెట్టాలి అన్నదే ప్రశ్న. నేనైతే ఇంటి మందను అడవి మంద నుంచి దూరంగా ఉంచడం మీదే పెడతాను. అమెరికాలో కొన్నిచోట్ల బాక్టీరియా మోస్తున్న తల్లులను పరీక్షతో గుర్తించి మందలోంచి తీసేశారు, ఆ తర్వాత పిల్లలు బతకడం మొదలైంది. ఆపిల్ పిప్పి మోయడం కంటే అది గట్టి పని.

లేహ్_లో_మనోడు
చిత్తూరు దగ్గర పల్లె నాది, ఉద్యోగం లడఖ్‌లో. ఇక్కడ భరల్ (నీలి గొర్రె) మందలు రోజూ కనిపిస్తాయి. బండల మధ్య అవి నిలబడితే బండకూ గొర్రెకూ తేడా తెలియదు. మొన్న ఎండలు మొదలయ్యాక కొన్నిటికి భుజాల మీద, మెడ దగ్గర వెంట్రుకలు పాయలు పాయలుగా ఊడి కనిపించాయి. ఇది గజ్జేనా డాక్టర్ గారూ? చూసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఇక్కడి వాళ్ళ మేకలు కూడా అదే వాలులో మేస్తాయి.

పశువైద్యం_చిత్తూరు
ముందు కంగారు పడకండి. మే, జూన్‌లలో ఆ జంతువులు చలికాలపు బొచ్చు వదులుతాయి. అది కూడా పాయలుగానే ఊడుతుంది. తేడా ఇలా చూడండి. బొచ్చు ఊడిన చోట కింద కొత్త వెంట్రుక, మామూలు చర్మం ఉంటే అది రుతువు మార్పే. చర్మం మందమై, మడతలు పడి, పక్కు కట్టి, జంతువు రాయికి ఒళ్ళు పదేపదే రుద్దుకుంటూ ఉంటే గజ్జి అనుమానించాలి. దుర్భిణితో చూస్తే తెలుస్తుంది, దగ్గరికి వెళ్ళొద్దు. తాకితే మనుషులకు కూడా దురద పుట్టించే రకం ఉంది.

భరల్‌లో గజ్జి ఊహ కాదు. పాకిస్తాన్ ఉత్తరాన షిమ్షాల్ లోయలో భరల్‌కు సార్కాప్టిస్ గజ్జి సోకినట్టు నమోదైంది. సార్కాప్టిస్ చర్మంలోపల సొరంగాలు తవ్వే పురుగు. (భరల్‌ను నీలి గొర్రె అంటారు గానీ జన్యువుల ప్రకారం మేకలకు దగ్గర. మేకల నుంచి వచ్చే జబ్బుల విషయంలో ఇది గుర్తు పెట్టుకోవాలి.)

తిరుపతి_జువాలజీ
గజ్జి గురించి నేను చదివినది ఇక్కడ పెడతాను, ఎందుకంటే నన్ను అన్నిటికంటే కదిలించింది ఇదే.

అమెరికాలోని న్యూమెక్సికోలో శాన్ ఆండ్రెస్ అనే ఎడారి కొండల వరస ఉంది. అక్కడ వన్యప్రాణి ఆశ్రయం, అందులో ఎడారి బిగ్‌హార్న్. 1978లో దాదాపు 200 ఉన్న మందలో సోరోప్టిస్ గజ్జి బయటపడింది. ఇది చర్మం పైనే ఉండే రకం, ముఖ్యంగా చెవుల్లో. చెవి నిండా పక్కులు కట్టి, వినికిడి పోయి, ఒంటి నిలకడ కూడా తప్పుతుంది. నిటారు బండల మీద బతికే జంతువుకు నిలకడ పోతే ఇంకేం మిగులుతుంది? కొండ సింహాలకు (ప్యూమాలకు) తేలిగ్గా దొరికిపోతాయి. పట్టుకుని మందు రాశారు, స్నానాలు చేయించారు. అయినా సంఖ్య పడిపోతూనే వచ్చింది. 1997 నాటికి ఆ కొండలన్నిటిలో ఒక్క ఆడ గొర్రె మిగిలింది.

తర్వాత అక్కడ గజ్జి ఇంకా ఉందో లేదో తెలుసుకోవడానికి ముందు కొన్ని పొట్టేళ్ళను వదిలి గమనించారు. వాటికి రాకపోయేసరికి 2002లో వేరే చోట్ల నుంచి గొర్రెలను తెచ్చి కొత్త మందను నిలబెట్టారు. ఒకే ఒక్క గొర్రె ఆ కొండల్లో తిరిగిన సంవత్సరాల గురించి చదివినప్పుడు పుస్తకం కాసేపు పక్కన పెట్టాను.

కుప్పం_మాస్టారు
చదివాక నాకూ చాలాసేపు మనసు బాగోలేదమ్మా. పాఠంలో తప్పకుండా చెబుతాను.

తలకోన_బాట
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మన దక్షిణాదిలో కొండ గొర్రె జాతి ఏదీ లేదా? తలకోన, మామండూరు వైపు నడకలకు వెళ్ళినప్పుడు కణుజులు, దుప్పులు చూశాను గానీ గొర్రె లాంటిది లేదు.

భాకరాపేట_అడవి
శేషాచలంలో లేదు. దక్షిణాదిలో ఉన్నది నీలగిరి తార్, పడమటి కనుమల్లో తమిళనాడు, కేరళ వైపు. మున్నార్ దగ్గర ఎరవికుళం నేషనల్ పార్కులో బాగా కనిపిస్తుంది. చూడ్డానికి మేకలా ఉంటుంది గానీ జన్యువుల ప్రకారం గొర్రెలకు దగ్గర. అక్కడి గడ్డి మైదానాల అంచున ఊళ్ళ పశువులు మేసే చోట్ల మనం ఇప్పటిదాకా మాట్లాడుకున్న భయమే ఉంటుంది.

మన దగ్గర కూడా పూర్తిగా నిశ్చింత లేదు. శేషాచలం అంచున ఊళ్ళ మందలు అడవిలోకి వెళ్తాయి. అవి మేసే చోటే దుప్పి, నాలుగు కొమ్ముల జింక మేస్తాయి. హీమాంకస్‌కు ఇంటి గొర్రె, అడవి జింక అనే తేడా పెద్దగా లేదు.

లేహ్_లో_మనోడు
దుర్భిణితో చూశాను డాక్టర్ గారూ. ఊడిన చోట కింద పొట్టి కొత్త వెంట్రుకలు కనిపించాయి, రుద్దుకోవడం కూడా లేదు. మీరు చెప్పినట్టు రుతువు మార్పే అనిపిస్తోంది. ఇంకో సంగతి. క్యాంపుల చుట్టూ వీధి కుక్కలు చాలా ఎక్కువ. వంటశాల మిగులు తింటాయి, చనిపోయిన మేకలను కూడా పీక్కు తింటాయి. దీనివల్ల గొర్రెలకు ఏమైనా ఉందా?

పశువైద్యం_చిత్తూరు
కొత్త వెంట్రుకలు కనిపించాయంటే మంచి మాట.

కుక్కల ప్రశ్న మీరు అడగడం చాలా మంచిదైంది. కుక్క పేగులో ఉండే బద్దె పురుగుల్లో ఒకటి టీనియా మల్టిసెప్స్. దాని గుడ్లు కుక్క మలంతో గడ్డి మీద పడతాయి. గొర్రె మేస్తే గొర్రె మెదడులో నీటి తిత్తిగా పెరుగుతుంది. అప్పుడు జీవం ఒకే పక్కకు గుండ్రంగా తిరుగుతుంది, తల వాల్చి గోడకు ఆనించి నిలబడుతుంది. పలమనేరు తమ్ముడు తప్పకుండా చూసి ఉంటాడు. ఇంకొకటి ఎకినోకాకస్. దీని తిత్తులు గొర్రె కాలేయంలో, ఊపిరితిత్తుల్లో పెరుగుతాయి. మనుషులకు కూడా వస్తుంది, ఆపరేషన్ దాకా వెళ్తుంది.

కుక్కకు ఆ పురుగు ఎక్కడి నుంచి వస్తుంది? తిత్తులున్న గొర్రె, మేక మాంసం పచ్చిగా తినడం వల్ల. కాబట్టి చనిపోయిన జీవాన్ని కుక్కలకు దొరక్కుండా లోతుగా పూడ్చాలి. కోసినప్పుడు తీసేసిన కాలేయం, ఊపిరితిత్తులు కుక్కకు వేయకూడదు. కుక్కలకు ప్రాజిక్వాంటెల్ ఇప్పించాలి. కుక్కను తాకాక చేతులు కడుక్కోవాలి. అడవి గొర్రెను ముట్టుకోకుండానే దానికి చేయగలిగిన సాయం ఇది, మీ క్యాంపులో మాట్లాడి చూడండి.

పలమనేరు_జీవాలు
చూశాను సార్. పోయిన ఏడు ఒక పిల్ల అట్లనే తిరుగుతూ పోయింది. మా ఊళ్ళో దిష్టి అన్నారు. మంద కాసే కుక్కలు మా దగ్గర ఉన్నాయి, వాటికి ఏ రోజూ పురుగు మందు వేయించలేదు. ఈ వారమే వేయిస్తా.

తిరుపతి_జువాలజీ
నా మొదటి ప్రశ్నకు ఇంకో వైపు నుంచి జవాబు దొరికింది. స్కాట్లాండ్‌కు పడమర సెయింట్ కిల్డా దీవుల్లో హిర్టా అనే దీవిలో సోయే గొర్రెలు ఉన్నాయి. ఒకప్పుడు మనుషులు పెంచినవే, ఇప్పుడు వాటిని ఎవరూ పెంచరు, అడవి మందలాగే బతుకుతున్నాయి. 1985 నుంచి వాటిని వరసగా గమనిస్తున్నారు. కొన్ని చలికాలాల్లో మేత అయిపోయి మందలో పెద్ద భాగం చనిపోతుంది. అలాంటి చలికాలానికి ముందు కొన్నిటికి పురుగుల మందు ఇచ్చి, కొన్నిటికి ఇవ్వకుండా చూశారు. మందు పడినవి ఎక్కువగా బతికాయి. కానీ మేత బాగున్న ఏడాదిలో అదే పురుగు ఉన్నా మంద పెరుగుతూనే ఉంది. ఆకలి, పురుగు కలిసి చంపుతున్నాయి, విడివిడిగా కాదు. డాక్టర్ గారు ఇందాక చెప్పినది, భాకరాపేట గారు చెప్పినది రెండూ ఇందులో ఉన్నాయి అనిపించింది.

డాల్ గొర్రెల మీద కూడా చదివాను. కెనడాలోని మెకెంజీ కొండల్లో వాటి కండరాల్లో పారెలాఫోస్ట్రాంగైలస్ ఓడోకాయిలై అనే పురుగు దొరికింది. పెద్ద పురుగు కండలో, దాని గుడ్లు, పిల్ల పురుగులు ఊపిరితిత్తుల్లో. ఆ ఉత్తర ప్రాంతాల్లోనే ఉండే మస్క్ ఆక్స్ అనే పొడవాటి బొచ్చు జంతువు ఊపిరితిత్తి పురుగుకు ఇంతకుముందు చక్రం పూర్తవడానికి రెండు వేసవులు పట్టేవట. వేసవి వేడెక్కాక ఒక్క వేసవిలోనే అయిపోతోంది.

భాకరాపేట_అడవి
వేడి సంగతి సెమినార్‌లో తప్పకుండా పెట్టండి. నత్త చల్లని రక్తపు జీవి, దాని ఒంట్లో పురుగు పెరిగే వేగం బయటి వేడి మీదే ఆధారపడి ఉంటుంది. చలి ఇన్నాళ్ళూ ఆ గొర్రెలకు కంచెలా ఉంది.

పలమనేరు_జీవాలు
ఒక్క సందేహం సార్. మందుకు లొంగని పురుగు అన్నారు కదా. మేము ఏటా మందు మారుస్తూ ఉంటాం, అది సరిపోదా?

పశువైద్యం_చిత్తూరు
పేరు మారిస్తే సరిపోదు తమ్ముడూ, జాతి మారాలి. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ రెండూ ఒకే జాతి. ఒకటి పనిచేయకపోతే రెండోది కూడా పనిచేయదు. ఐవర్‌మెక్టిన్ వేరే జాతి. క్లోసాంటెల్ ఇంకో జాతి, రక్తం పీల్చే పురుగులకు, జలగకు. బరువు చూసి సరైన మోతాదు తాపాలి, కంటి అంచనాతో తక్కువ పోయకూడదు. చూలు తొలి దశలో ఉన్న గొర్రెలకు ఆల్బెండజోల్ వద్దు, పిల్ల అవిటిగా పుట్టే ప్రమాదం ఉంది.

ఇంకొకటి, అన్నిటికీ ఒకేసారి తాపాల్సిన అవసరం ప్రతిసారీ ఉండదు. మందలో పురుగులన్నీ సమానంగా ఉండవు, కొద్ది జీవాల్లోనే ఎక్కువ భాగం ఉంటాయి. దక్షిణాఫ్రికాలో తయారైన ఫమాచా కార్డు ఇందుకే. కంటి లోపలి పొర రంగును కార్డు మీది ఐదు రంగులతో పోల్చి, పాలిపోయిన వాటికే మందు ఇస్తారు. మిగతా వాటిలోని మందు తగలని పురుగులు బయట గడ్డి మీద ఉండటం వల్ల మొండి పురుగులు మొత్తం ఆక్రమించవు. ఐవర్‌మెక్టిన్ వాడితే పెంటికల్లో మిగిలిపోయి పేడ పురుగులను కూడా చంపుతుంది. అడవిలో మేసే మందకు అది వేసిన వెంటనే అడవికి తోలకండి, కొద్ది రోజులు ఊరి బీడులోనే ఉంచండి.

అడవి అంచున మేపేవాళ్ళకు నా మాట ఇదే. మీ మందను శుభ్రంగా ఉంచుకుంటే, అడవి జంతువుకు మందు తాపే పరిస్థితి చాలావరకు రాదు.

తలకోన_బాట
నడకల్లో కనిపించే పెంటికలు తెచ్చి పరీక్ష చేయించొచ్చా? జువాలజీ గారికి ఉపయోగపడుతుందేమో.

భాకరాపేట_అడవి
శేషాచలంలోని నేషనల్ పార్కులోంచి ఏదీ అనుమతి లేకుండా తేవద్దండి, పెంటికలైనా సరే. కాలేజీ ద్వారా అటవీశాఖకు రాసి అనుమతి తీసుకోవాలి. అంతవరకు అంచున మేసే ఇంటి మందల పెంటికలతో మొదలుపెట్టొచ్చు, అసలు ప్రశ్నకు అవే ముఖ్యం.

తిరుపతి_జువాలజీ
అలాగే చేస్తాను. పలమనేరు అన్నా, మీ మంద పెంటికలు ఇస్తారా? డాక్టర్ గారూ, ఊపిరితిత్తి పురుగుకు ఏ పరీక్ష చేయాలి? ల్యాబ్‌లో ఉప్పు ద్రావణంతో గుడ్లు తేల్చి చూసే పద్ధతి మాత్రమే నేర్పారు.

పలమనేరు_జీవాలు
ఎన్ని కావాలన్నా తీసుకోమ్మా. పొద్దున్నే వస్తే తాజాగా దొరుకుతాయి.

పశువైద్యం_చిత్తూరు
గుడ్లు తేల్చే పద్ధతి హీమాంకస్‌కు సరిపోతుంది. ఊపిరితిత్తి పురుగుకు బేర్‌మన్ పద్ధతి కావాలి. తాజా పెంటికలను గాజుగుడ్డలో కట్టి, గోరువెచ్చని నీళ్ళు నింపిన గరాటులో వేలాడదీసి రాత్రంతా వదిలేయండి. బతికున్న పిల్ల పురుగులు గుడ్డలోంచి బయటికి వచ్చి గరాటు అడుగుకు దిగుతాయి. అడుగు నీటి చుక్క తీసి చూడండి. తోక కొస సూటిగా ఉంటే ప్రోటోస్ట్రాంగైలస్ వైపు, తోక దగ్గర చిన్న ముల్లు ఉంటే ముల్లేరియస్ అనే ఇంకో ఊపిరితిత్తి పురుగు వైపు. గుడ్లు లెక్కపెట్టడానికి వాడే పెంటికలను విడిగా ఫ్రిజ్‌లో ఉంచొచ్చు, ఫ్రీజర్‌లో వద్దు. బేర్‌మన్‌కు మాత్రం అదే రోజు తెచ్చినవి వాడండి. నేల మీద పడి చాలాసేపైనవి తీసుకోకండి, మట్టిలోని వేరే పురుగులు కలిసి లెక్క తప్పుతుంది. చిత్రం తీసి ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.